వాద్యమునకు మెరుగనగా నేమి?

మన పాఠశాల ప్రార్థనాలయమందలి హార్మోనియము గాలి నిలుపలేక మూలుగుచున్నది. దానిని తీసివేసి, విద్యుచ్ఛక్తితో మ్రోగు కీబోర్డు నొకదానిని కొనవలెనని తలిదండ్రులలో పలువురు ఈ సంవత్సరము కోరుచున్నారు. పై తరగతుల బాలురు కొందరు గిటారే కావలెనందురు. అందును వారి మనస్సు నాకర్షించినది పెడళ్ళు గల స్టీలు గిటారు. ఇది ఒడిలో నిలువుగా పట్టుకొనునది కాదు. నాలుగు కాళ్ళ బల్లవలె ముందర నిలిపి, ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తంతులపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్ళతో మీటుచు, పాదములతోను మోకాళ్ళతోను శ్రుతులను మార్చుచు వాయించునది. క్రొత్తగా తయారైన నమూనాల చిత్రములను చేతి ఫోనులలో చూచి, "ఇది మునుపటి వానికంటె ఎంతో మెరుగైనదండీ" అని వారు నాతో వాదించుచున్నారు.

మెరుగు అను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. పైపై తళుకు ఒకటి. మునుపటికంటె మేలగుట రెండవది. వాద్యములను కొనువారు మొదటిదానిని చూచి రెండవదానికి వెల చెల్లించుట కద్దు. ఈ వాదము మన యింటి సొమ్మునకు సంబంధించినది గనుకను, ఆ సొమ్ములో అధికభాగము కాఫీతోటలలోను రాజ్మా చేలలోను కష్టపడు తలిదండ్రులది గనుకను, నాకు తోచినదానిని దాపరికము లేక వ్రాయుచున్నాను. వాద్యమందు చేసిన మార్పు, పాడబోవు పాటకును, వాయించువాని శరీరమునకును, చెడినప్పుడు బాగుచేయు చేతికిని సరిపడినప్పుడే మెరుగనిపించుకొనును. ఈ మూడింటిలో ఏదియు లేనిచో అది వట్టి తళుకే.

స్టీలు గిటారు పుట్టినది హవాయి ద్వీపములలో. జోసెఫ్ కెకూకు అను బాలుడు 1889 ప్రాంతమున గిటారు తంతులపై లోహపు ముక్కను జార్చి వాయించు పద్ధతిని కనిపెట్టెననియు, దానికి తగిన ఉక్కు కడ్డీని తాను చదువుకొను పాఠశాల కర్మశాలలోనే తయారుచేసికొనెననియు చెప్పుదురు. హిందూదేశమున పుట్టి ఓడలవెంట అచ్చటికి చేరిన గాబ్రియేలు డేవియన్ అనునాతడు అంతకు ముందే ఇట్లు వాయించెనని చెప్పువారును గలరు. ఎవరు మొదటివారైనను, ఒక పాఠశాల విద్యార్థి వడ్రంగపు కొట్టములో నిలువబడి ఇనుమును నునుపు చేసికొనుచున్న ఆ దృశ్యము మన బాలురు మనస్సున నుంచుకొనదగినది. కొనుటకు ముందు చేయుట కలదు.

ఈ కడ్డీతో వచ్చు నాదము మనుష్యకంఠమువలె స్వరమునుండి స్వరమునకు తెగక జారును. కాని దానికొక లోపము కలదు. కడ్డీ తిన్ననిది, తంతులన్నిటిపై నడ్డముగా ఆనుకొనియుండును. మూడు తంతులను స, గ, ప లుగా శ్రుతి చేసితిమనుకొనుడు. కడ్డీని ఏ చోటికి జరిపినను మూడును సమముగా హెచ్చును, సమముగా తగ్గును. కావున ఏ చోటనైనను వినబడునది ఆ స-గ-ప పొందికయే. షడ్జమును కదల్పక స-మ-ధ కావలయునన్నచో కడ్డీ చేయగలిగినది లేదు. కొందరు కడ్డీని ఏటవాలుగా పట్టిరి. కొందరు ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క మెడ చొప్పున రెండు, మూడు, నాలుగు మెడలు గల గిటార్లను చేయించుకొనిరి. ఆ చిత్రములను చూచినచో, మంచము ఇరుకైనదని ఇంటినే పెంచుకొన్నవాని కథ జ్ఞాపకమునకు వచ్చును.

పెడలు ఈ చిక్కును విడదీసినది. ఒక పెడలును త్రొక్కగా పంచమపు తంతి మాత్రము బిగిసి చతుశ్శ్రుతి ధైవతమగును. ప్రక్కదానిని త్రొక్కగా అంతర గాంధారపు తంతి మాత్రము శుద్ధ మధ్యమమగును. షడ్జము కదలదు. రెంటిని కలిపి త్రొక్కినచో స-గ-ప యున్నచోటనే స-మ-ధ వినబడును. సంగీతపు తరగతిలో సరళీస్వరములు నేర్చిన మన ఆరవ తరగతి పిల్లలు సయితము దీనిని గ్రహింపగలరు. ఇందులో ఇంద్రజాలము లేదు.

అయినను మొదట ఈ పెడలు వచ్చినది ఒక పాటకును మరియొక పాటకును నడుమ శ్రుతి మార్చుకొనుటకే. అమెరికా దేశమున బడ్ ఐజక్సు అను వాద్యకారుడు, తంతి ఇంకను మ్రోగుచుండగనే పెడలును త్రొక్కి, ఒక స్వరము నిలిచియుండగా రెండవది దాని ప్రక్కకు జారి వచ్చునట్లు చేసెను. 1954లో వెబ్ పియర్సు పాడిన ఒక పాట రికార్డులో జనులు దీనిని విని ఆశ్చర్యపడిరి. అతని గిటారును చేసిన పాల్ బిగ్స్‌బీ అంతకు పూర్వము మోటారు సైకిళ్ళ పనిలో ఆరితేరిన యంత్రకారుడు. కొలది సంవత్సరములలోనే బడ్డీ ఎమ్మన్సు అను యువకుడు, ఐజక్సు ఒక్క పెడలుతో చేయించుచుండిన రెండు పనులను రెండు పెడళ్ళకు పంచెను. ఆ విభాగమువలన ధైవతము వేరుగను, మధ్యమము వేరుగను, రెండును కలిపియును పొందుటకు వీలు కలిగినది. నేటికిని పెడళ్ళ అమరిక అదియే. ఈ ఎమ్మన్సు వాయించువాడు. తరువాత గిటార్లు చేయు సంస్థలను నెలకొల్పినవాడు. చేయువాడును వాయించువాడును ఒక్కచోట కూర్చున్నప్పుడే వాద్యము ముందునకు సాగినదని ఈ చరిత్రయంతటను కనబడుచున్నది.

ఇక క్రొత్త గిటార్లలోని మెరుగుల మాట. పెడలును త్రొక్కగా ఒక నిలువు కడ్డీ క్రిందికి దిగి, పెట్టె అడుగున అడ్డముగా నున్న ఇరుసును త్రిప్పును. ఇరుసునకు బిగించిన చిన్న వంకర మీట పొడవైన సన్నని కడ్డీ నొకదానిని లాగును. ఆ కడ్డీ కొనయందు, తంతులు వంగి దిగు చోట, వ్రేళ్ళవంటి లోహపు ముక్కలు వరుసగా నుండును. లాగబడిన వ్రేలు వెండ్రుకవాసి తిరిగి తన తంతిని బిగించును, లేదా వదులుచేయును. నేడు సాధారణమైన గిటారునకు 10 తంతులు, 3 పెడళ్ళు, నాలుగైదు మోకాలి మీటలు. ఇన్ని కీళ్ళున్నచోట ఇన్ని లోపములుండుట వింత కాదు.

మొదటి లోపము వినువారికి తెలియదు గాని వాయించువాని చెవిని బాధించును. పెడలును గట్టిగా త్రొక్కినప్పుడు ఆ లాగుడునకు పెట్టెయే కొంచెము వంగును. పెట్టె వంగగా, త్రొక్కని తంతులును కొంచెము సడలి శ్రుతి దిగును. ఒకనిని ముందుకు పిలువగా వరుసలో తక్కినవారందరు వెనుకకు జరిగినట్లుండును. నేటి శ్రద్ధ గల నిర్మాతలు ఇరుసులను బిగించు చట్రమును పెట్టెనుండి వేరుచేసియు, చట్రమును బిరుసుచేసియు, కొందరు ఎదురు లాగుడు గల అమరికలను చేర్చియు దీనిని చాలవరకు తగ్గించిరి. ఇది చూపునకు కనబడని మార్పు. కావుననే నేను దీనిని నిజమైన మెరుగందును.

రెండవది, లాగి విడిచిన తంతి సరిగా తన మొదటి శ్రుతికి తిరిగిరాకపోవుట. తంతి మెడ చివరనున్న బిరడలవరకు సాగుచుండుటయు, మెట్టుగట్టువద్ద రాపిడియు దీనికి కారణములు. బిరడలను మెడనుండి తొలగించి, శ్రుతి చేయు మరలను వేరుచోట పొందుపరచిన గిటార్లు వచ్చినవి. తంతి కురుచయై రాపిడి తగ్గినది. పెట్టెయు పొట్టిదై మోత తగ్గినది. పాత రెండు మెడల గిటార్లలో పెట్టెతో కలిపి 30 కిలోలు దాటునవి యుండెను. నేడు ఒక మెడ గలదానిని అల్యూమినియపు చట్రముతో చేసి, ఒక బాలుడు సులభముగా మోయునంత తేలిక గావించుచున్నారు. మోకాలి మీటలను వాయించువాని తొడల పొడవును బట్టి ముందుకు వెనుకకు జరుపుకొనుటకును, పెడలు కడ్డీలను పాదము ఎత్తును బట్టి హెచ్చించుకొనుటకును ఏర్పాట్లు గలవు. వీనిలో ఏదియు ప్రదర్శనకు పనికిరాదు. శరీరమునకు పనికివచ్చును.

కాని ప్రతి మార్పును లాభమే తెచ్చెనని చెప్పరాదు. ఎమ్మన్సు కంపెనీ 1960 తరువాత చేసిన పాత గిటార్లలో, తంతిని మోయు వ్రేలు పనిలేనప్పుడు పెట్టెకు గట్టిగా ఆనుకొని నిలుచునట్టి అమరిక యుండెను. దానిని సరిజూచుకొనుట మిక్కిలి కష్టము. తరువాత వచ్చిన అమరికలలో లాగుట మాత్రమే యుండును. ప్రతి మార్పునకును వేరు మర యుండుటచే శ్రుతి చేయుట సులువు. అందరును సులువైనదానికే మరలిరి. అయినను ఆ పాత గిటార్ల నాదమందలి గాంభీర్యము దీనియందు లేదని, వెదకి వెదకి వానిని కొనువారు నేటికిని గలరు. చేతికి సులువు, చెవికి నష్టము. ఏది ఎక్కువ విలువ గలదో యంత్రకారుడు నిర్ణయింపజాలడు; పాడువాడు నిర్ణయింపవలెను. ఇక చెక్కమీది రంగులు, పొదిగిన పేరులు, రెండవ మెడ, పదకొండవ తంతి మొదలగువాని సంగతి నేను వ్రాయను. బాలురు నాకంటె బాగుగా చెప్పగలరు.

గిటారు సినిమా వాద్యమనియు దేవుని సన్నిధికి తగదనియు సంఘపు పెద్దలలో కొందరి అభిప్రాయము. వారియెడల గౌరవముతోనే నేనొక సంగతి మనవి చేయుచున్నాను. అమెరికాలోని నీగ్రో జాతి క్రైస్తవుల సంఘములలో 'హౌస్ ఆఫ్ గాడ్' అనునది యొకటి. 1930ల కడపట ట్రోమన్ ఈసన్, విల్లీ ఈసన్ అను సోదరులు స్టీలు గిటారును ఆ ఆరాధనలలో ప్రవేశపెట్టిరి. వారికి పెద్ద ఆర్గను కొను స్తోమతు లేకుండెను. స్టీలు గిటారు పాడువారి కంఠమును అనుసరించి ఏడ్చుటయు, కేకలువేయుటయు, స్తుతించుటయు చేయగలిగెను గనుక, కాలక్రమమున అదియే వారి ఆర్గనైనది. తరువాత పెడళ్ళ గిటారును వారు చేపట్టిరి. మన దేశమునను, లక్నో నగరపు క్రైస్తవ కుటుంబమునుండి వచ్చిన వాన్ షిప్లే, తానే రూపకల్పన చేసికొన్న 8 తంతుల విద్యుత్ గిటారును వాయించి పేరొందెను. హవాయి దంపతులైన టౌ మో కుటుంబమువారు 1940లలో కలకత్తాలో నివసించి, అచ్చట ఈ వాద్యమును ఎందరికో నేర్పిరి. అటుపిమ్మట బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ రాగములను దీనిపై పలికించెను. విశ్వమోహన్ భట్టు గిటారునకు ప్రతిధ్వని తంతులను చేర్చి 'మోహన వీణ' యని పేరిడి, 1994లో గ్రామీ బహుమానమును పొందెను. వీరెవ్వరును పెడళ్ళను కోరలేదు. తంతులను పెంచిరి, మెడను మార్చిరి, నేలపై కూర్చుండిరి. మన పాటకు స-మ-ధ పొందిక ముఖ్యము కాదు, జారుటయే ముఖ్యము. కావున హవాయి కడ్డీని తీసికొని అమెరికా పెడలును విడిచిపెట్టిరి. నా దృష్టిలో ఇది మిక్కిలి వివేకముతో కూడిన పని.

పెడలును తీసివేసిన మరియొక చరిత్ర మన ప్రార్థనాలయములోనే మూలుగుచున్నది. పాశ్చాత్య మిషనెరీలు తెచ్చిన హార్మోనియము కుర్చీపై కూర్చుండి రెండు కాళ్ళతో త్రొక్కునది. 19వ శతాబ్ది కడపట కలకత్తాలోని ద్వారకానాథ ఘోషు తిత్తిని వెనుకవైపునకు మార్చి, ఎడమచేతితో ఊదుకొని కుడిచేతితో వాయించు చిన్న పెట్టెను చేసెను. నేలపై కూర్చుండు దేశమునకు కాలి పెడలు వ్యర్థమని ఆయన గ్రహించెను. కొండలపైని ప్రతి గ్రామ సంఘమునకును ఆ పెట్టె తలమీద మోయబడి చేరినది ఈ ఒక్క మార్పువలననే. అమెరికాలో పెడలును చేర్చుట మెరుగు. కలకత్తాలో పెడలును తీయుట మెరుగు. రెండిటికిని కారణమొక్కటే: వాయించువాడు ఎట్లు కూర్చుండును, ఏమి పాడును అని నిర్మాత విచారించెను.

అయితే హార్మోనియముతో మనకొక నష్టము కలిగినది. దానిని చెప్పక తప్పదు. మనము 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను పుస్తకమును తెరచినప్పుడు, ఒక్కొక్క కీర్తన తలకట్టున రాగమును తాళమును అచ్చువేసియుండుట చూచుచున్నాము. మనలో ఎందరు దానిని చదువుదురు? పర్లాకిమిడి ప్రాంతమున 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు కీర్తనలు వ్రాసినప్పుడు, ఆ పలుకులు రాగముతో కూడియే వారికి తోచినవి. రాగమనగా స్వరముల పట్టిక మాత్రము కాదు; ఒక స్వరమునుండి మరియొకదానికి పోవు త్రోవ. హార్మోనియమునకు మెట్లున్నవి గాని త్రోవలు లేవు. ఈ కారణము చేతనే 1940 మొదలు 1971 వరకు ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. ఆ నిషేధము మితిమీరినదని నా అభిప్రాయము. ఎందుకనగా శ్రుతి నిలువని పసి గొంతుకలకు ఆ పెట్టె చేసిన ఉపకారము తక్కువది కాదు. కాని కొండ గ్రామములనుండి వచ్చిన మన పిల్లలను గమనింపుడు. మోరియు, తుడుమును, డప్పును మ్రోగుచుండగా థింసా పాటలు పాడు తల్లుల ఒడిలో పెరిగినవారు వీరు. మొదటి సంవత్సరము కీర్తనలను సహజముగా ఊపుతో, జారుతో పాడుదురు. మూడవ సంవత్సరము వచ్చునప్పటికి హార్మోనియము మెట్లపై అడుగు తరువాత అడుగు పెట్టుచు పాడుదురు. కీబోర్డు వచ్చినచో ఆ మెట్లు మరింత గట్టివగును. అందున్న నూరు నాదములలో ఒకటైనను మన నాటరాగపు త్రోవను ఎరుగదు. చక్రము త్రిప్పి స్వరమును వంచు కీబోర్డులు కలవని మా విద్యార్థి యొకడు చెప్పెను. కలవు. అట్టివానిని వాయించుటకు మంచి గురువు కావలెను. గురువు దొరికినచో ఆయనకు ఇంతకంటె మంచి వాద్యము నీయవచ్చును.

ఆ మంచి వాద్యము ఎచ్చటనున్నది? కొండ దిగినచో బొబ్బిలి. ఆ పట్టణమునకు దగ్గరనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరములుగా పనసచెక్కతో వీణలను చేయుచున్నారు. కుండయు దండియు అతుకులేక ఒక్క మ్రానినుండి తొలిచిన ఏకాండి వీణ వారి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపును లభించినది. వీణ చరిత్రయు మన వాదమునకు సాక్ష్యమే. 17వ శతాబ్ది మొదట తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలమున వీణకు 24 మెట్లు స్థిరముగా అమర్చబడెనని చెప్పుదురు. అంతవరకు రాగమును బట్టి మెట్లను జరుపుకొనవలసియుండెను. అటుపిమ్మట ఒక్క వీణపై అన్ని రాగములును పలికినవి. మెట్టుపై తంతిని ప్రక్కకు లాగి, వైణికుడు ఎడమచేతి వ్రేళ్ళతోనే స్వరమును వంచును. ఐజక్సు పాదముతో చేసినదానిని మనవారు వ్రేలితో ఎన్నడో చేసిరి. మెట్లే లేని గోటువాద్యము మరియొక త్రోవ త్రొక్కినది; నల్లమ్రాని ముక్కను తంతులపై జార్చి వాయించుదురు. హవాయి బాలునికిని తమిళదేశపు విద్వాంసునికిని పరిచయము లేదు, చేతులు మాత్రము ఒకే పని చేసినవి.

వీణ మెట్లను మైనముతో నిలుపుదురు. ఎండకు మైనము మెత్తబడి శ్రుతి తప్పును గనుక, మైనములేక మరలతో బిగించు మెట్లు గల వీణలు బెంగుళూరువంటి నగరములలో వచ్చినవి. ప్రయాణములు చేయు విద్వాంసులకు అవి మిక్కిలి అనుకూలములు. కాని మర అరిగినచో బెంగుళూరునకు పోవలెను. మైనము కరగినచో గొల్లపల్లి పనివాడు దీపము వెలుగున కూర్చుండి తిరిగి నిలుపగలడు. మన పాఠశాలకు ఏది మెరుగో తలిదండ్రులే చెప్పవలెను. వర్షాకాలమున కొండచరియలు జారి, దారి తెగి, కరెంటు పోయి, రెండు దినములు చీకటిలో ఆరాధన జరుపుకొన్న అనుభవము మనకందరికి కలదు.

ఒక విచారకరమైన సంగతి. గొల్లపల్లిలో నేడు బహుమానముల కొరకు చేయు చిన్న వీణలకే గిరాకి. సన్మానసభలలో శాలువతో కూడ ఇచ్చునవి, గాజుపెట్టెలో నుంచునవి. పనివారిని నేను తప్పుపట్టుట లేదు. వారి కుటుంబములు బ్రతుకవలెను. కాని పలుకని వీణను వేయి చేసిన చేయి, పలుకు వీణను చేయు నేర్పును ఎంతకాలము నిలుపుకొనును? పలుకు వీణను కొనువారు లేనిచో ఆ విద్య మెరుగు పొందుట యటుంచి, నిలుచుటయే కష్టము. మిషను పాఠశాలలు, దేవాలయములు, కళాశాలలు ఒక్కొక్క వీణ చొప్పున కొన్నను వారికి ఎంతో ఊరట.

కావున నా మనవి యిది. హార్మోనియమును పారవేయవద్దు, తిత్తి తోలు మార్పించి, పగిలిన రీడులను మాత్రము వేయింతము. నాలుగు గొంతులతో పాడు ఇంగ్లీషు పాటలకు అది చాలును. కీబోర్డునకు కూర్చిన సొమ్ముతో ఒక బొబ్బిలి వీణను పలుకుటకే చేయింతము. మిగిలినదానితో, గిటారు కోరిన బాలురచేతనే మన వడ్రంగపు కొట్టములో ఒక స్టీలు గిటారును చేయింతము.

ఇది హాస్యము కాదు. స్టీలు గిటారు నిర్మాణమున లోతైన పెట్టె అవసరము లేదు. 1930ల మొదట వచ్చిన తొలి విద్యుత్ స్టీలు గిటారు అప్పడాల పెనమువంటి అల్యూమినియపు ముక్క. దానికి జనులు పెట్టిన పేరును అదియే. మనకు మూడడుగుల పనసపలక చాలును. ఆరు తంతులు, ఉక్కు కడ్డీ, తంతుల క్రింద ఒక చిన్న పికప్పు, బ్యాటరీతో పనిచేయు చిన్న స్పీకరు. పెడళ్ళు వలదు, మన సంఘములు చాపలపై కూర్చుండునవి. స-మ-ధ కావలయుననువారికి రెండు తంతులకు మాత్రము కుడి అరచేతితో నొక్కు మీటలను పెట్టుదము. మీటనుండి తంతికి లాగుటకు సైకిలు బ్రేకు తీగ పనికివచ్చును. ఇందుకు నవ్వవలసినది లేదు: 1957లో ఫెండరు కంపెనీవారు చేసిన పెడళ్ళ గిటార్లలో లాగుడునకు వాడినది ఉక్కు తీగత్రాళ్ళే. బ్రేకు తీగ తెగినచో అరకు సంతలో దొరకును. పలక వంగి శ్రుతి దిగు లోపము మనకును తప్పదు. దానికి అడుగున ఇనుప పట్టీ నొకదానిని బిగింపవలెను. ఎంత మందము కావలెనో భౌతికశాస్త్రపు తరగతిలో బాలురే బరువులు వ్రేలాడదీసి లెక్కింపవచ్చును. నిరుటి ప్రశ్నపత్రమున స్థితిస్థాపకతను గూర్చి వారు వ్రాసిన జవాబులను చూచినవాడనై, ఈ పని వారికి మేలు చేయునని నమ్ముచున్నాను.

చెక్కకొరకు పచ్చని చెట్టును నరుకవలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునకు ఈ లోయలో ఎన్నియో మ్రాకులు కూలెను; వానిలో అధికభాగము పొయ్యిలోనికే పోయినవి. గాలికి పడిన పనసమ్రాను ఏ గ్రామమున దొరికినను, తలిదండ్రులు మాకు కబురుచేసినచో సంఘమువారితోను అటవీ అధికారులతోను మాటలాడి తెప్పింతుము. కోసిన పలకను నీడను ఆరబెట్టుటకు కాలము పట్టును. పచ్చిచెక్కతో చేసినది మొదటి వేసవిలోనే పగులును. కనుక ఈ సంవత్సరము పలకను ఆరబెట్టుటయు, గొల్లపల్లి పనివారిలో ఒకరిని రప్పించి ఉలి పట్టు తీరును పిల్లలకు చూపించుటయు జరిగిన చాలును.

మీటల సంగతి ముందుగా తేల్చుకొనవలెను. ఏడవ తరగతిలో ఎడమచేతివాటము గల బాలికలిద్దరున్నారు. పాటలో ఇద్దరును మంచివారే. అట్టపై గిటారు కొలతలు గీసి, వారిని చాపమీద కూర్చుండబెట్టి, అరచేయి ఎచ్చట ఆనునో గుర్తు పెట్టిన పిమ్మటనే పలకకు రంధ్రములు వేయవలెను.